రుకూ నుంచి లేచాక కాసేపు

1983 ఆగస్టులో ఇంటర్మీడియట్ చదువు కోసం నల్లగొండ జిల్లాలోని మా ఊరి నుంచి హైదరాబాదు వచ్చి, చాంద్రాయణగుట్టలో దర్జీ పని చేసే మా మేనమామ ఇంట్లో దిగాను. మూడో రోజు తెల్లవారుజామున మామయ్య నన్ను వెంటబెట్టుకొని ఫజర్ నమాజుకు బార్కస్‌లోని ఒక మసీదుకు తీసుకువెళ్లాడు. అప్పటికి నాకు పదహారేళ్లు. ఏడేళ్ల వయసు నుంచి మా తాత వెనుక నిలబడి నమాజు చదివినవాణ్ణి కాబట్టి, నమాజులో నాకు తెలియనిదంటూ ఏదో ఉంటుందన్న అనుమానం కలలో కూడా లేదు.

నమాజు నడిపించే ఇమాము, ఖురాన్ మొదటి సూరా అయిన ఫాతిహాను బిస్మిల్లాతో సహా పైకి చదవడం నాకు మొదటి వింత. సూరా ముగియగానే మసీదంతా ఒక్క గొంతుతో ఆమీన్ అనడం రెండో వింత. మా ఊళ్లో ఆమీన్ పెదవి దాటి వినిపించేది కాదు. రుకూకు వంగేటప్పుడూ, రుకూ నుంచి లేచేటప్పుడూ అందరూ భుజాల దాకా చేతులెత్తడం ఓరకంట చూస్తూనే ఉన్నాను. ఇవన్నీ ఎలాగో దాటుకొని, రెండో రకాతులో, అంటే నమాజు రెండో ఆవృత్తిలో, రుకూ నుంచి లేచి, అలవాటు కొద్దీ నేరుగా సజ్దాలోకి వెళ్లిపోయాను. నుదురు చాపకు ఆనిన తర్వాత గాని నా పక్కన ఎవరూ కిందికి రాలేదని తెలియలేదు. పైన ఇమాము ఏదో వేడుకోలు, దుఆ, చదువుతున్నాడు, వరుస వరుసంతా చేతులెత్తి ఆమీన్ అంటోంది. లేవాలో అలాగే ఉండాలో తోచక, చివరికి లేచి నిలబడి, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక వణికిపోయాను.

నమాజు ముగిశాక నా కుడి పక్కన కూర్చున్న పెద్దాయన నా వైపు తిరిగారు. డెబ్బై ఏళ్లు ఉంటాయి, గళ్ల లుంగీ, తెల్లటి పొట్టి గడ్డం. దక్కనీ ఉర్దూలో, చాలా మెల్లగా, ‘‘హనఫీవా బేటా?’’ అని అడిగారు. ఇమామ్ అబూ హనీఫా పద్ధతిని పాటించేవాడివా అని. ఆ మాట నేను అంతకుముందు విన్నదే గాని, అది నాకు వర్తించే మాట అని ఎవరూ చెప్పలేదు. ఏం జవాబు చెప్పాలో తెలియక మామయ్య వైపు చూశాను. మామయ్య అవునన్నాడు. అప్పుడాయన చెప్పిన మాటలు నాకు దాదాపు ఉన్నవి ఉన్నట్టే గుర్తున్నాయి.

‘‘మా ఇమాము ఆ దుఆ, ఖునూత్, చదివేటప్పుడు నువ్వు చేతులెత్తనక్కర్లేదు, ఆమీన్ అననక్కర్లేదు. చేతులు రెండు పక్కలా వదిలేసి మౌనంగా నిలబడు. మీ ఇమామ్ అబూ హనీఫా చెప్పింది అదే. ఆయన శిష్యుడు అబూ యూసుఫ్ మాత్రం ఇమాముతో పాటు నువ్వూ చదవమన్నాడు. రెండింటిలో ఏదైనా చెయ్యి. కాని నిలబడు. ఇమాము కంటే ముందు పోకు.’’

ఇమామ్ షాఫయీ పద్ధతిని పాటించే ఇమాము వెనుక హనఫీ ఎలా నిలబడాలో ఒక షాఫయీ పెద్దమనిషి నాకు నేర్పాడు. నా పద్ధతి నాకంటే ఆయనకే బాగా తెలుసు. ఆ సంగతి ఆనాడు నన్ను ఎంత సిగ్గుపెట్టిందో, ఆ తర్వాత అంతగా నన్ను చదివించింది.

మా ఊరి మసీదు చిన్నది. సున్నం గోడలు, వేపచెట్టు, నీళ్ల తొట్టి. మా తాత దూదేకులవాడు. పగలు పరుపులు కుట్టేవాడు, ఐదు పూటలా తానే అజాన్ చెప్పి తానే నమాజు చదివించేవాడు. మా ఇంట్లో మాటంతా తెలుగే. నమాజు కూడా తెలుగులోనే నేర్పాడు: చేతులు బొడ్డు కింద కట్టుకోవాలి, కుడి చెయ్యి ఎడమ చెయ్యి మీద ఉండాలి, అల్లాహు అక్బర్ అనే మొదటి తక్బీరుకు తప్ప మళ్లీ చేతులు ఎత్తకూడదు, ఇమాము చదువుతుంటే మనం చదవకూడదు, వినాలి. కూర్చొని చదివే అత్తహియాత్‌లో ‘లా ఇలాహ’ అన్నప్పుడు చూపుడు వేలు ఎత్తి, ‘ఇల్లల్లాహ్’ అన్నప్పుడు దించాలి. ఆ వేలు ఎత్తడం నాకు ఎంతకీ సరిగా రాకపోతే నా చెయ్యి తన అరచేతిలో పెట్టుకొని, దూది ఏకి ఏకి గరుకెక్కిన వేళ్లతో నా వేలిని పైకెత్తి దించేవాడు. ఇదే ప్రపంచమంతటి నమాజు అనుకున్నాను. మా ఊళ్లో ఉన్న పాతిక ఇళ్లవాళ్లూ అలాగే చదివేవారు, సూర్యాపేటలో సంతకు పోయినప్పుడు చూసిన మసీదులోనూ అలాగే చదివేవారు.

బార్కస్‌లో ఎందుకు వేరుగా ఉందో పెద్దాయనే చెప్పారు. ఆయన మనవడు మా కాలేజీలోనే చేరాడు, అలా వాళ్ల ఇంటికి రాకపోకలు మొదలయ్యాయి. బార్కస్ అన్న పేరే సైనికులుండే బ్యారక్స్ అన్న మాట నుంచి వచ్చింది. నిజాముల కొలువులో సైనికులుగా, కాపలాదారులుగా పనిచేయడానికి దక్షిణ యెమెన్‌లోని హద్రమౌత్ ప్రాంతం నుంచి వచ్చిన అరబ్బులకు అక్కడ ఇళ్లు కట్టించారు. హైదరాబాదు జనం వాళ్లను చావుష్‌లని పిలుస్తారు. 1948లో సంస్థానం భారతదేశంలో కలిశాక ఆ కొలువులు పోయాయి, మనుషులు మిగిలారు. జామతోటలు, లుంగీలు, కహ్వా, హరీస్, పెళ్లిళ్లలో మర్ఫా వాయిద్యం, వీటితో పాటు హద్రమౌత్‌లో తరతరాలుగా పాటించిన షాఫయీ మజ్‌హబ్, అంటే ధర్మశాస్త్ర సంప్రదాయం, కూడా మిగిలింది. కేరళ తీరంలో, కొంకణంలో, తమిళ తీరంలోని ముస్లిం పట్టణాల్లో షాఫయీ పద్ధతి ఉండటానికీ కారణం అరబ్బుల ఓడలే. దక్కనుకు, ఉత్తరానికి ఇస్లాం ఎక్కువగా తురుష్కుల, అఫ్ఘానుల వెంట మధ్య ఆసియా వైపు నుంచి వచ్చింది కాబట్టి మేమంతా హనఫీలమయ్యాం. మా తాత బొడ్డు కింద చేతులు కట్టడానికీ, పెద్దాయన రొమ్ము కింద, బొడ్డుకు పైన కట్టడానికీ వెనుక ఇంత దూరపు దారులున్నాయని తెలిసిన రోజు నాకు రాత్రి చాలాసేపు నిద్ర పట్టలేదు.

అన్నిటికంటే నన్ను ఎక్కువగా ఆకర్షించింది సాయంకాలపు నమాజైన అసర్ వేళ. మామయ్య దుకాణంలో గోడకు వేలాడే నమాజు వేళల క్యాలెండరులో అసర్‌కు రెండు గళ్లుండేవి, ఒకటి షాఫయీ, ఒకటి హనఫీ. చిన్నప్పుడు తాత నాకు మసీదు వాకిట్లో కర్ర పాతి నేర్పిన లెక్క అప్పుడు గుర్తుకొచ్చింది. నడిమధ్యాహ్నం కర్ర నీడ ఎంత ఉందో గుర్తు పెట్టుకోవాలి, ఆ నీడకు కర్ర పొడవు రెండింతలు కలిపినంత నీడ సాగితే అసర్ వచ్చినట్టు. మేలో కొన్నాళ్లు మా ఊళ్లో సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వచ్చి, కర్ర నీడ కర్ర మొదట్లోనే అణగిపోతుంది. ఆ రోజుల్లో లెక్క సులువని తాత నాకు ఎండలో నిలబెట్టి మరీ నేర్పాడు. బార్కస్‌లో ఆ నీడ కర్రకు ఒక్కింత సాగగానే అసర్ వచ్చేస్తుంది. మే మధ్యలో అక్కడ అసర్ మూడూ ఇరవైకి వస్తే, మా లెక్క ప్రకారం నాలుగూ నలభై దాకా రాదు. చలికాలంలో ఆ తేడా ముప్పావు గంటకు తగ్గుతుంది. క్యాలెండరులోని ఆ రెండు గళ్ల మధ్య దూరం ఏడాది పొడవునా పెరుగుతూ తరుగుతూ ఉండటం చూస్తూ, నేను లెక్కలు చదివిన దానికంటే శ్రద్ధగా సూర్యుణ్ణి చదివాను.

మామయ్యకు దీనితో ఒక ఇబ్బంది ఉండేది. దుకాణానికి నాలుగు అడుగుల దూరంలో షాఫయీ మసీదు, హనఫీ మసీదు మాత్రం చాలా దూరం. ముందు వేళలో చదివితే తన అసర్ చెల్లుతుందా అని ఆయన ఒక మౌల్వీ గారిని అడిగాడు. అబూ హనీఫా ప్రసిద్ధ అభిప్రాయం రెండింతల నీడే అయినా, ఆయన ముఖ్య శిష్యులు అబూ యూసుఫ్, ముహమ్మద్ ఇద్దరూ ఒక్కింత నీడకే అసర్ వస్తుందన్నారని, మక్కా మదీనాల్లో హనఫీలు కూడా అక్కడి జమాతుతో, అంటే సామూహిక నమాజుతో, ముందు వేళలోనే చదువుతారని ఆయన చెప్పారు. మామయ్య ఆ మాట తాతకు కూడా చెప్పి, ఆయన ఒప్పుకున్న తర్వాతే పాటించాడు. తాత కాసేపు ఆలోచించి, ‘‘జమాతు దొరికితే జమాతుతో చదువు. ఒక్కడివే చదివేటప్పుడు మన వేళకు చదువు’’ అన్నాడు. నా సంగతి వేరు. కాలేజీ నుంచి నాలుగు దాటాక ఇంటికి చేరేసరికి బార్కస్‌లో అసర్ అయిపోయేది, హనఫీ మసీదులో ఇంకా మొదలు కాకపోయేది. అక్కడికి నడిచి వెళ్లి చదివేవాణ్ణి. సెలవు రోజుల్లో బార్కస్‌లోనే చదివేవాణ్ణి. రెండు వేళలున్న చోట బతకడం వల్ల ఆ నాలుగైదేళ్లలో నా అసర్ జమాతు తప్పిన రోజులు చాలా తక్కువ.

నమాజుకు ముందు నీళ్లతో చేసుకొనే శుద్ధి, వజూ, దగ్గర నా మిత్రుడైన పెద్దాయన మనవడికీ నాకూ జరిగిన ఒక సంగతి ఉంది. ఒకనాడు సూర్యాస్తమయపు నమాజైన మగ్రిబ్‌కు ముందు ఇద్దరం వజూ చేసుకొని, మసీదుకు పోయే దారిలో జామకాయలు కోసుకు తింటున్నాం. చాకు జారి నా బొటనవేలు తెగి, రక్తం కారింది. అజాన్ వినిపిస్తోంది. అతను ‘‘పద, గుడ్డ చుట్టుకో చాలు’’ అన్నాడు. షాఫయీలకు రక్తం కారితే వజూ పోదు. మాకు కారి పక్కకు పారిన రక్తంతో వజూ పోతుంది. నేను పరుగెత్తి కుళాయి దగ్గర మళ్లీ వజూ చేసుకొని, మొదటి రకాతు పోగొట్టుకున్నాను. అది జరిగిన వారానికి, జామకాయలమ్మే అవ్వ చిల్లర ఇస్తుండగా ఆమె వేళ్లు అతని అరచేతికి తగిలాయి. అతను డబ్బులు జేబులో వేసుకొని ఏమీ మాట్లాడకుండా కుళాయి వైపు నడిచాడు. పెళ్లాడటానికి నిషేధం లేని స్త్రీ చర్మం తగిలితే, ఎంత పెద్ద వయసు ఆమె అయినా, షాఫయీలకు వజూ పోతుంది, మాకు పోదు. ఆ రోజు నేను అతని కోసం గుమ్మం దగ్గర ఆగాను. తల తుడుచుకోవడంలోనూ తేడా ఉంది. మాకు కనీసం పావు తల తడవాలి, వాళ్లకు నాలుగు వెంట్రుకలు తడిసినా విధి నెరవేరుతుంది. కాని పెద్దాయన ఎప్పుడూ తలంతా తుడుచుకొనేవారు. ఎందుకని అడిగితే, ‘‘అలా చేస్తే మీ లెక్కకూ మా లెక్కకూ సరిపోతుంది గదా’’ అన్నారు. నేను పక్కన నిలబడి నమాజు చదివినంత కాలం ఆయన వజూ అన్ని మజ్‌హబ్‌లకూ సరిపోయే వజూ.

అన్నీ ఇలా సర్దుకున్నాయని చెప్పలేను. రంజాన్ రాత్రుల్లో చదివే తరావీహ్ నమాజు ఇరవై రకాతులు ఇద్దరికీ ఒకటే గాని, ఆ తర్వాతి విత్ర్ నమాజు దగ్గర మా దారులు విడిపోయేవి. షాఫయీ ఇమాము విత్ర్‌ను రెండు రకాతులు చదివి, నమాజు ముగించే సలాం చెప్పి, ఆపై ఒకటి విడిగా చదువుతాడు. మాకు విత్ర్ వాజిబ్, అంటే తప్పక చదవాల్సినది, మూడు రకాతులకూ కలిపి చివర్లో ఒకే సలాం. మధ్యలో సలాం తిప్పే ఇమాము వెనుక హనఫీ విత్ర్ చెల్లదని మామయ్య విన్నాడు, దాని మీద మాత్రం ఆయన పట్టు సడలించలేదు. తరావీహ్ అవగానే మేమిద్దరం వరుసలోంచి లేచి, వెనుక స్తంభం పక్కన విడిగా విత్ర్ చదువుకొనేవాళ్లం. అందరూ ఇమాముతో ఉండగా మేమలా వెనక్కి వెళ్లడం నాకు బాధగా ఉండేది. ఆ మసీదులో ఒక్కరు కూడా మమ్మల్ని అదేమని అడగలేదు. రంజాన్ రెండో సగంలో వాళ్లు విత్ర్‌లోనూ ఖునూత్ చదువుతారు. స్తంభం పక్కన నేను నా ఖునూత్‌ను లోలోపల చదువుకుంటుంటే, ముందు నుంచి వాళ్ల ఖునూత్ పైకి వినిపించేది.

అడగని మనుషుల విలువ నాకు మరో చోట తెలిసింది. ఉస్మానియాలో న్యాయశాస్త్రం చదివే రోజుల్లో, నగరంలో ఇంకోవైపున్న ఒక మసీదులో, నా పక్కవాడు ఆమీన్ పైకి అన్నాడని ఒక మధ్యవయస్కుడు అతన్ని నమాజు అయ్యీ కాకముందే కసురుకొని, ఇంకెప్పుడూ ఇటు రావద్దన్నాడు. కసురు తిన్నవాడు చదువుకొనే కుర్రాడు, కేరళవాడు. చెప్పులు చేత్తో పట్టుకొని వెళ్లిపోయాడు. నేను అక్కడే ఉండి కూడా నోరు విప్పలేదు, ఆ తప్పు ఇప్పటికీ నన్ను తొలుస్తూనే ఉంది. తర్వాత లైబ్రరీలో పాత తీర్పులు తిరగేస్తుంటే, సరిగ్గా ఈ ఆమీన్ గొడవే 1880లలో అలహాబాద్ హైకోర్టు దాకా పోయిందని తెలిసి ఆశ్చర్యపోయాను. 1885 నాటి బనారస్ వ్యాజ్యంలో ఆమీన్ పైకి అన్నందుకు మనుషులను నేరస్థులుగా నిలబెట్టారు. ఆ వ్యాజ్యంలో కూర్చున్న న్యాయమూర్తుల్లో సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్ కుమారుడు జస్టిస్ సయ్యద్ మహమూద్ ఒకరు. ఆయన ఇస్లామీ ధర్మశాస్త్రమైన ఫిఖ్ గ్రంథాలు తెరిచి, ఆమీన్ మెల్లగా అనడం, పైకి అనడం అన్న రెండు పద్ధతులకూ ఇస్లాంలో ఆధారం ఉందని విడమరచి రాశారు. అల్లాహ్ పేర కట్టిన మసీదు ముస్లింలందరిదీ, ఒక తెగ వారిది కాదన్న సూత్రం ఆ దశకపు తీర్పుల్లోనే నిలబడింది. ఆ పేజీలను నేను చేత్తో ఎత్తి రాసుకున్నాను. కేరళ కుర్రాడు మళ్లీ కనబడితే చూపిద్దామనుకున్నాను. కనబడలేదు.

పెద్దాయనకు చదువు మదరసాలో కొద్దిగా, మిగిలింది వినికిడి. అయినా నాలుగు మజ్‌హబ్‌లకు మూలమైన నలుగురు ఇమాముల సంగతి ఆయన చెప్పే తీరు, ఒకే ఇంటి మనుషుల గురించి చెప్పినట్టుండేది. అబూ హనీఫా బాగ్దాద్‌లో హిజ్రీ 150లో చనిపోయిన సంవత్సరమే షాఫయీ గాజాలో పుట్టారు. షాఫయీ మదీనాలో ఇమామ్ మాలిక్ దగ్గర చదువుకున్నారు, ఆ తర్వాత బాగ్దాద్‌లో అబూ హనీఫా శిష్యుడైన ముహమ్మద్ దగ్గర చదువుకున్నారు. అహ్మద్ ఇబ్న్ హంబల్ షాఫయీ దగ్గర చదువుకున్నారు. ‘‘ఒకరి దగ్గర ఒకరు చదువుకున్నవాళ్లు. ఇక కొట్లాట ఎక్కడిది?’’ అనేవారు. ఆయన ఎక్కువసార్లు చెప్పిన కథ మాత్రం ఖునూత్ కథ. ఫజర్‌లో ఖునూత్ వదలని షాఫయీ, బాగ్దాద్‌లో అబూ హనీఫా సమాధి దగ్గర ఫజర్ చదివినప్పుడు ఆ మహనీయుడి మీది గౌరవంతో ఖునూత్ చదవలేదట. ఆ కథ చెప్పినప్పుడల్లా ఆయన చివర్లో కాసేపు ఊరుకొనేవారు.

1986 చలికాలంలో పెద్దాయన మనవడితో కలిసి మా ఊరు వచ్చారు. నేను సెలవులకు వెళ్తుంటే తానూ వస్తానని బయలుదేరారు. సంచిలో తాత కోసం రెండు జామ అంట్లు తెచ్చారు. బస్సు ఆలస్యమై ఊరు చేరేసరికి పొద్దు వాలింది. ఆయన ముఖం కడుక్కోగానే ప్రయాణికుడి హోదాలో మధ్యాహ్నపు జొహర్, అసర్ రెండింటినీ కలిపి, రెండేసి రకాతులుగా చదువుకున్నారు. తాత గడపలో నిలబడి అది కళ్లార్పకుండా చూశాడు. మాకు ప్రయాణంలో నాలుగు రకాతులు రెండు కావడం ఉంది గాని, హజ్‌లో అరఫాత్, ముజ్దలిఫాల దగ్గర తప్ప రెండు వేళలను ఒక వేళలో కలపడం లేదు. తాత ఏమీ అనలేదు. రాత్రి జొన్నరొట్టెలు తింటూ మాత్రం, ‘‘చావుష్ సాబ్, మీ లెక్కలో ఎంత దూరం పోతే కలపొచ్చు?’’ అని తనకొచ్చిన ఉర్దూలో అడిగాడు. వాళ్లిద్దరూ ఒకరికి సరిగా రాని భాషలో మరొకరు చాలా రాత్రి దాకా మాట్లాడుకున్నారు.

మర్నాడు ఫజర్‌కు తాత ఎప్పటిలాగే ముందు నిలబడ్డాడు. పెద్దాయన నా పక్కన. రెండో రకాతులో రుకూ నుంచి లేచిన తాత అలవాటు ప్రకారం వెంటనే సజ్దాలోకి వెళ్లాడు, మేమూ వెళ్లాం, పెద్దాయనా వచ్చారు. తాత సలాం తిప్పాడు, మేమంతా సలాం తిప్పాం. పెద్దాయన తిప్పలేదు. అలాగే కూర్చొని, రెండు సజ్దాలు చేసి, ఆ తర్వాత సలాం తిప్పారు. పిల్లలు గుసగుసలాడారు. తాత వెనక్కి తిరిగి చూసి, నమాజులో తన వల్ల ఏదైనా పొరపాటు జరిగిందేమోనని కంగారుగా అడిగాడు. పెద్దాయన తల అడ్డంగా ఊపి, పొరపాటు లేదని, తమ పద్ధతిలో ఫజర్‌లో ఖునూత్ తప్పిపోతే దానికి బదులుగా సహూ సజ్దాలు చేసుకోవడం ఉందని, హనఫీ ఇమాము వెనుక చదివినప్పుడు తాను ఎప్పుడూ ఇలాగే చేసుకుంటానని చెప్పారు. ‘‘ఆ దుఆ ఎంతసేపు పడుతుంది?’’ అన్నాడు తాత. పెద్దాయన అరబ్బీలో మొత్తం చదివి వినిపించారు. ‘అల్లాహుమ్మహ్దినీ ఫీమన్ హదైత్’ అని మొదలవుతుంది: నీవు దారి చూపినవాళ్లతో పాటు నాకూ దారి చూపు, నీవు క్షేమమిచ్చినవాళ్లతో పాటు నాకూ క్షేమమివ్వు, అని సాగుతుంది. తాత తల వంచుకొని విన్నాడు.

రెండో రోజు ఫజర్‌లో రెండో రకాతు రుకూ నుంచి లేచిన తాత సజ్దాకు పోలేదు. నిలబడ్డాడు. చేతులు పక్కకు వదిలేసి, ఏమీ చదవకుండా, కదలకుండా నిలబడ్డాడు. ముందేమీ అర్థం కాలేదు నాకు. తర్వాత నా పక్కనుంచి, తడబడుతూ, చాలా తొందర తొందరగా, పెదవుల మీద ఖునూత్ వినిపించింది. పెద్దాయన గొంతు మధ్యలో ఒకసారి పూడుకుపోయి మళ్లీ సాగింది. అది ముగిసేదాకా తాత నిలబడే ఉన్నాడు, ఆ తర్వాతే అల్లాహు అక్బర్ అని సజ్దాలోకి వెళ్లాడు. ఆ రోజు కూడా పెద్దాయన సలాంకు ముందు తన రెండు సజ్దాలూ చేసుకున్నారు. ఇమాము ఖునూత్ చదవలేదు కాబట్టి తమకు అది ఉందని నాకు తర్వాత చెప్పారు. తాత మాత్రం ఆ నిలబడటం గురించి ఎవరితోనూ మాట్లాడలేదు. మేము ఉన్న మూడో రోజు కూడా అలాగే నిలబడ్డాడు. అతిథి వెళ్లిపోయాక మళ్లీ ఎప్పటిలాగే.

తాత 1989లో, వానాకాలం మొదట్లో, ఒక బుధవారం మధ్యాహ్నం పోయాడు. ఖననం అయ్యేదాకా బార్కస్‌కు కబురు చేయడానికి వీలు కాలేదు. గురువారం సూర్యాపేట వెళ్లి మామయ్య దుకాణం పక్కింటికి ఫోన్ చేశాను. పది రోజుల తర్వాత హైదరాబాదు తిరిగి వచ్చినప్పుడు మిత్రుడు చెప్పాడు. శుక్రవారం జుమా నమాజు కాగానే పెద్దాయన లేచి ఇమాముతో మాట్లాడారట. ఇమాము జనానికి చెప్పాడట, నల్లగొండ జిల్లాలో ఒక పల్లెటూరి ఇమాము చనిపోయాడు, ఆయనకు గాయిబానా జనాజా నమాజు, అంటే దేహం ఎదుట లేకుండా చదివే అంత్యక్రియల నమాజు, చదువుదామని. మసీదంతా మా తాతకు నాలుగు తక్బీర్ల జనాజా నమాజు చదివిందట. మదీనాలో ఉన్న ప్రవక్త, దూరాన అబిసీనియాలో చనిపోయిన నజాషీ రాజుకు జనాజా నమాజు చదివించారన్నది వాళ్లకు ఆధారం. అది ప్రవక్తకు మాత్రమే ప్రత్యేకమని మా వాళ్లంటారు, అందుకే మాలో శవం ఎదుట లేకుండా జనాజా లేదు. మా ఊళ్లో తాత జనాజాకు నిలబడింది మూడు వరుసలు. తాతను ఎన్నడూ చూడని వందల మంది బార్కస్‌లో ఆయన కోసం నిలబడ్డారు. ఇది విన్నప్పుడు నేను మామయ్య దుకాణంలో కుట్టుమిషను పక్కన కూర్చొని ఉన్నాను. మామయ్య మిషను ఆపి, కత్తెర కింద పెట్టి, చాలాసేపు అటే తిరిగి కూర్చున్నాడు.

ఆ తర్వాత 1994లో నేను లెక్కల ఉద్యోగం మీద దుబాయ్ వెళ్లాను. బార్కస్‌లో బడి చదివినవాడిలా అక్కడి మసీదులకు వెళ్లాను కాబట్టి ఏదీ వింతగా తోచలేదు. మాలికీ పద్ధతి పాటించే సూడాన్ సహోద్యోగి చేతులు కట్టకుండా పక్కలకు వదిలేసి నిలబడితే, ఒమాన్ నుంచి వచ్చిన, ఇబాదీ అనే వేరే శాఖకు చెందిన మనిషి ఫాతిహా తర్వాత ఆమీన్ కూడా అనకపోతే, మలయాళీ మిత్రుడు రొమ్ము కింద చేతులు కట్టుకుంటే, ఒకే వరుసలో నేను తాత నేర్పినట్టు బొడ్డు కింద కట్టుకొనేవాణ్ణి. ఉమ్రాకు మక్కా వెళ్లినప్పుడు, ఒకప్పుడు కాబా చుట్టూ నాలుగు మజ్‌హబ్‌లకు నాలుగు స్థానాలుండేవని, నలుగురు ఇమాములు వేర్వేరు జమాతులు నడిపేవారని, 1920లలో గాని ఒకే ఇమాము వెనుక ఒకే జమాతుగా మారలేదని ఎవరో చెప్పగా విన్నాను. ఆ స్థానాలు ఉన్న చోటు ఎక్కడో వెతకబోయి, జనం తోపులాటలో వెతకలేక ఊరుకున్నాను.

పెద్దాయన పోయిన కబురు 1996 జనవరిలో వచ్చింది. రాత్రి ఇషా నమాజు అయ్యాక గదికి వచ్చేసరికి మిత్రుడి ఫోను. మధ్యాహ్నమే ఖననం చేశారని చెప్పాడు. ఇక్కడి నుంచి నేనేం చేయగలను? ఆయన మా తాతకు చేసిందే నేను ఆయనకు చేయాలని మనసు పీకింది గాని, నా మజ్‌హబ్‌లో అది లేదు. ఆయన పద్ధతిలో ఉంది కదా అని నాకు వీలైన చోట పట్టుకోవడం ఆయనే ఒప్పుకొనేవారు కాదు. యాసీన్ సూరా చదివి పుణ్యం ఆయనకు అప్పగించాను. ఆ తర్వాత విత్ర్‌కు నిలబడ్డాను. మూడో రకాతులో రుకూకు ముందు తక్బీర్ చెప్పి, చేతులెత్తి మళ్లీ కట్టుకొని, తాత నేర్పిన ఖునూత్ చదివాను: ‘అల్లాహుమ్మ ఇన్నా నస్తఈనుక’, అల్లాహ్, మేము నీ సహాయం కోరుతున్నాం. అది ముగిశాక దానికి మరో దుఆ కలుపుకోవచ్చని, అందులోనూ ‘అల్లాహుమ్మహ్దినీ’ కలపడం మంచిదని మా హనఫీ పండితులే రాశారు. చేతులు బొడ్డు కింద కట్టుకొని, రుకూకు వంగకుండా అలాగే నిలబడి, పెద్దాయన ఆ రోజు మా ఊరి మసీదులో తడబడుతూ చదివిన దుఆను మొదటి నుంచి చివరి దాకా, తొందరపడకుండా చదివాను.